రెండంతస్తుల పెద్ద ఇంటి ప్లాన్: గదులన్నీ పెద్దవే, అయినా డైనింగ్ దారిగా మారిపోతోంది. ఏం మార్చాలి?

తొమ్మిదిమంది_ఇల్లు

మూడు తరాలు, మొత్తం తొమ్మిదిమంది ఉండే ఇల్లు. రెండంతస్తులు, ఒక్కో అంతస్తు బయటి కొలత 60×40 అడుగులు. ప్లాన్ చేతికొచ్చింది, పునాది ఇంకా తవ్వలేదు. గదుల సైజులు చూస్తే లోటేమీ కనిపించట్లేదు. కానీ పెన్సిలు పట్టుకుని గదిలోంచి గదిలోకి గీత గీస్తుంటే ప్రతి గీతా డైనింగ్‌లోంచే పోతోంది. ఫొటో పెట్టడం కుదరలేదు, కొలతలు రాస్తున్నా (అడుగుల్లో).

కింద: ముందు హాలు 24×18. దాని కుడిపక్క అతిథుల గది 14×12, వెనక దాని టాయిలెట్ 8×5.5. ఆ టాయిలెట్ గోడ హాలు వెనక మూలకు ఆనుకుని ఉంటుంది. హాలు వెనక ఎడమవైపు డైనింగ్, 14 వెడల్పు, 16 పొడవు. నాలుగు గోడలకీ నడిమధ్యన ఒక్కో తలుపు: ముందు హాల్లోకి, వెనక వంటగదిలోకి, కుడివైపు మెట్లకీ పెద్దవాళ్ళ గదికీ, ఎడమవైపు బయట ఖాళీ స్థలంలోకి. వంటగది 12×10, పక్కన స్టోరు 5×6. పెద్దవాళ్ళ గది వెనక కుడి మూల 14×13, అటాచ్డ్ టాయిలెట్ 8×5. మెట్లకు 12×7 ఇచ్చారు, మధ్య లాండింగ్ (మెట్లు మలుపు తిరిగే చదును) కింద కామన్ టాయిలెట్ గీశారు. నేలమట్టం నుంచి ఇంటి ఫ్లోరు 2 అడుగులు పైకి. ఫ్లోరు నుంచి పై ఫ్లోరుకు 11 అడుగులు.

పైన: మధ్యలో 34×4 కారిడార్. ఎడమ వరసలో బెడ్రూమ్, ఇంకో బెడ్రూమ్, చివర లాంజ్ (14×12). కుడి వరసలో రెండు బెడ్రూములు, మధ్యలో మెట్లు. ఎడమ వరస మధ్య గది టాయిలెట్ సరిగ్గా డైనింగ్ నెత్తిమీదికి వస్తోంది.

గోడలు జరపకుండా ఎంతవరకు బాగుపడుతుంది? ఏవి తప్పనిసరిగా మార్చాలి?

---

స్కేలు_పెన్సిలు

ముందు డైనింగ్ సంగతి, ఎందుకంటే మీ ఇల్లంతా దాని చుట్టూనే తిరుగుతోంది.

గది 14×16, అంటే 224 చదరపు అడుగులు. తలుపులు గోడల మధ్యలో ఉన్నాయి కాబట్టి నడక దారులు రెండూ గది నడిబొడ్డున అడ్డంగా దాటుకుంటాయి. ఒక్కో దారికి 3 అడుగులు వదలండి. దారులకు 81 చదరపు అడుగులు పోతే మిగిలేది 143. ఆ 143 ఎలా ఉందో చూడండి: నాలుగు మూలల్లో నాలుగు ముక్కలు, ఒక్కోటి 5.5×6.5. అందులో నలుగురి టేబులు కూడా కుర్చీలు లాగితే సరిపోదు. తొమ్మిదిమంది మాట దేవుడెరుగు.

ఇప్పుడు గోడ ఒక్కటీ కదపకుండా తలుపులు మాత్రం జరపండి. హాలు తలుపు ముందు గోడలో కుడి చివరకి. వంటగది తలుపు వెనక గోడలో కుడి చివరకి. కుడి గోడ తలుపు ఎక్కడున్నా ఫర్వాలేదు, ఆ దారి మీదే పడుతుంది. ఎడమవైపు బయటి తలుపు వెనక మూలకి. దారులు కుడి గోడ వెంట 16×3, వెనక గోడ వెంట 11×3. మొత్తం మళ్ళీ 81 చదరపు అడుగులే. మిగిలింది మళ్ళీ 143, కానీ ఈసారి ఒకే ముక్క: 11×13.

ఆ ముక్కలో పదిమంది టేబులు పడుతుంది. టేబులు 8 అడుగులు × 3.5 అడుగులు, అటు నలుగురు, ఇటు నలుగురు, రెండు చివరలా ఒక్కొక్కరు. పక్కల కుర్చీ వెనక్కి లాగి లేవడానికి 3 అడుగుల చొప్పున కలిపితే వెడల్పు 9.5. చివరల 2.5 చొప్పున కలిపితే పొడవు 13. పొడవు ఖచ్చితంగా సరిపోయింది, వెడల్పులో ఒకటిన్నర అడుగు చేతిలో ఉంది. పైగా ఆ ముక్కకి బయటి గోడ ఉంది, కిటికీ దానికే వస్తుంది.

ఇదే పద్ధతి మిగతా గదులకీ పెట్టండి. అడుగుకు పావు అంగుళం చొప్పున ప్లాన్ ప్రింటు తీయించి, మంచం, వార్డ్‌రోబ్, సోఫా, టేబులు అదే స్కేలులో అట్టముక్కలు కత్తిరించి పరచండి. తలుపు రెక్క తిరిగే పావు చక్రం కూడా గీయండి, అది మర్చిపోతేనే తంటా. తర్వాత రంగు పెన్సిళ్ళు: పొద్దున అందరూ తయారయ్యే వేళ ఒక రంగు, రాత్రి మంచం నుంచి టాయిలెట్‌కి ఒక రంగు, బట్టలు ఉతకడానికి వెళ్ళి ఆరి తిరిగొచ్చే దారి ఒకటి, చెత్త బయటికి వెళ్ళే దారి ఒకటి, కారు దగ్గర్నుంచి సరుకుల సంచులు వంటగదికి చేరే దారి ఒకటి. రంగులు ఎక్కడ ముడిపడితే అక్కడే ఇంట్లో రోజూ తగువు.

కారిడార్లు తక్కువ కనిపిస్తే ప్లాన్ పొదుపుగా ఉందని మురిసిపోవద్దు. మీ కింది అంతస్తులో కారిడార్ అని రాసిన చోటు దాదాపు లేదు, కానీ డైనింగ్‌లో మూడో వంతు పైన కారిడారే. నడక చోటు మొత్తం విస్తీర్ణంలో 10 నుంచి 15 శాతం ఉంటే మామూలు, 20 దాటితే వృథా. లెక్కలో ఇలా దాక్కున్న దారుల్ని కూడా కలపాలి.

పై బెడ్రూములకి ఒక కొలత గుర్తుపెట్టుకోండి. 6×6.5 మంచం పడే గదికి 12×11 చాలు: 11 అడుగుల వైపు మంచం 6, అటూ ఇటూ రెండున్నర చొప్పున. 12 అడుగుల వైపు మంచం పొడవు 6.5, ఎదురుగా వార్డ్‌రోబ్ 2, మధ్యలో మూడున్నర. ఇంతకంటే పెద్ద గది కూడా తలుపు మంచం తలవైపు గోడలో ఉంటే చెడిపోతుంది. ఇంకో మాట: ప్లాన్‌లో రాసే కొలత ఇటుక నుంచి ఇటుకకు. ప్లాస్టరింగ్ అయ్యాక ప్రతి కొలతలోనూ ఓ అంగుళం పోతుంది. అంగుళం తేడాలో బీరువా పట్టని సందులు చాలానే ఉంటాయి.

---

మేడమెట్టు

లాండింగ్ కింద టాయిలెట్ ప్లాన్‌లో బాగుంటుంది, కట్టాక మనిషి నిలబడలేడు. లెక్క చూడండి.

11 అడుగులంటే 132 అంగుళాలు. 20 మెట్లు వేస్తే ఒక్కో మెట్టు ఎత్తు 6.6 అంగుళాలు, పెద్దవాళ్ళకి హాయి. మధ్య లాండింగ్ పదో మెట్టు మీద వస్తుంది, అంటే 66 అంగుళాలు, అయిదున్నర అడుగులు. లాండింగ్ శ్లాబు 6 అంగుళాలు తీసేస్తే కింద మిగిలేది 5 అడుగులు. కమోడ్ మీద కూర్చోవచ్చు, లేస్తే తల కొట్టుకుంటుంది.

కింద 7 అడుగులు కావాలంటే లాండింగ్ ఏడున్నర అడుగుల ఎత్తున ఉండాలి. అంటే మొదటి వరసలో 14 మెట్లు, రెండో వరసలో 6. 14 మెట్లకి 13 ట్రెడ్లు (కాలు పెట్టే చదును భాగాలు), ఒక్కోటి 10 అంగుళాలు వేసుకున్నా 10 అడుగుల 10 అంగుళాలు, దానికి లాండింగ్ మూడున్నర కలిపితే 14 అడుగుల 4 అంగుళాలు. మీకున్నది 12. కొందరు టాయిలెట్ ఫ్లోరు 2 అడుగులు కిందికి దించుతామంటారు. మీ ఇంటి ఫ్లోరే నేలకి 2 అడుగుల పైన ఉంది, దించితే టాయిలెట్ నేలమట్టానికి వస్తుంది, దాని పైపు బయటి మురుగు చాంబరు కంటే కిందికి పోతుంది. గట్టి వాన పడ్డప్పుడు నీళ్ళు వెనక్కి తంతాయి. ఆ ఆలోచన వదిలేయండి. ఆ 5 అడుగుల చోటు నిచ్చెనలు, సూట్‌కేసులు, చీపుర్లకి బంగారం.

మెట్లు మాత్రం 12×7లో చక్కగా పడతాయి. వరసకి 10 మెట్లు, 9 ట్రెడ్లు, 11 అంగుళాల చొప్పున 8 అడుగుల 3 అంగుళాలు. లాండింగ్ మూడున్నర. మొత్తం 11 అడుగుల 9 అంగుళాలు. వెడల్పులో రెండు వరసలు 3 అడుగుల 3 అంగుళాల చొప్పున, మధ్య సందు 6 అంగుళాలు. సరి చూసుకునే సూత్రం: మెట్టు ఎత్తుకి రెండింతలు, దానికి ట్రెడ్ కలిపితే 24, 25 అంగుళాల దగ్గర రావాలి. ఇక్కడ 24.2. ఒకటే జాగ్రత్త, మొదటి మెట్టు పాసేజ్ అంచునే మొదలవుతోంది. దాని ముందు మూడున్నర అడుగుల లోపు ఏ తలుపూ తెరుచుకోకూడదు.

కామన్ టాయిలెట్‌కి నేనైతే హాలు వెనక కుడి మూల 5×4 కోసేస్తాను. 24×18 హాలుకి అది పోయినా తెలియదు. అతిథుల గది టాయిలెట్ గోడ పక్కనే కాబట్టి పైపులు రెండింటికీ కలుస్తాయి. తలుపు మాత్రం సోఫాల వైపు కాదు, మెట్ల పాసేజ్ వైపు పెట్టండి, మొదటి మెట్టుకి ఎడంగా. అతిథుల టాయిలెట్‌కే రెండో తలుపు పెట్టి కామన్ చేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. రెండు తలుపుల టాయిలెట్‌లో ఒకవైపు గడియ తీయడం మర్చిపోవడం ఖాయం, అవతలివాళ్ళు బయటే నిలబడాలి.

---

పైపులైను

పై అంతస్తులో ఒక్క మార్పుతో రెండు తలనొప్పులు పోతాయి: ఎడమ వరసలో మధ్య బెడ్రూమునీ చివరి లాంజ్‌నీ అటూ ఇటూ మార్చండి.

మొదటిది కారిడార్. కిటికీ పై అంచు 7 అడుగుల ఎత్తున ఉంటే పగటి వెలుతురు పనికొచ్చేలా లోపలికి పోయేది ఆ ఎత్తుకి రెండు, రెండున్నర రెట్లు, అంటే 14 నుంచి 17 అడుగులు. 34 అడుగుల కారిడార్‌కి రెండు చివరలా కిటికీలున్నా మధ్యలో మసకే. లాంజ్ మధ్యకొచ్చి, కారిడార్ వైపు గోడ లేకుండా 12 అడుగులూ తెరిచి ఉంచితే దాని కిటికీ వెలుగు సరిగ్గా మెట్ల దగ్గర పడుతుంది. కారిడార్ చెరో 11 అడుగుల రెండు ముక్కలవుతుంది. గాలి కూడా మెట్ల కిటికీకీ లాంజ్ కిటికీకీ మధ్య ఆడుతుంది.

రెండోది డైనింగ్ మీద టాయిలెట్. బెడ్రూము వెనక్కి పోతే దాని టాయిలెట్ వంటగది వైపుకి, బయటి గోడకి వచ్చేస్తుంది. కింద స్టోరు తీసేసి ఆ చోట గిన్నెలు కడిగే యుటిలిటీ పెట్టి, టాయిలెట్‌ని దాని నెత్తిన కూర్చోబెట్టండి, పొయ్యి మీద కాదు. అప్పుడు పై పైపూ కింది సింకు పైపూ ఒకే డక్ట్‌లో దిగుతాయి. డక్ట్ అంటే పైపుల కోసం పైనుంచి కిందిదాకా వదిలే సందు. దాని లోపలి కొలత 3×2.5 అడుగులు తగ్గకూడదు, మనిషి దిగి పానా తిప్పాలి కదా. ప్రతి ఫ్లోరులో దానికి చిన్న తలుపు ఉండాలి. అడుగు వెడల్పు డక్ట్ గీసి పైపులు అందులో పూడ్చేసే ప్లాన్లు కనిపిస్తాయి, మొదటి లీకుకే గోడ పగలగొట్టాలి.

డైనింగ్ మీదే ఉంచేస్తే ఏమవుతుందో కూడా చెప్తాను. 4 అంగుళాల పైపుకి అడుగుకు పావు అంగుళం వాలు కావాలి. టాయిలెట్ నుంచి డక్ట్ 12 అడుగుల దూరంలో ఉంటే వాలుకే 3 అంగుళాలు, పైపు మందం, బెండు, పైన కాంక్రీటు కలుపుకుంటే శ్లాబు 10, 12 అంగుళాలు దించాలి. లేదంటే పైపు డైనింగ్ సీలింగ్ కింద వేలాడాలి. దానికి ఫాల్స్ సీలింగ్ కట్టి దాస్తారు. ఆ దాచిన జాయింటు కారితే మచ్చ కనిపించేసరికి సీలింగ్ ఉబ్బిపోయి ఉంటుంది. సరిగ్గా టేబులు మీద.

వేడినీళ్ళ గీజర్ల చోటు కూడా ఇప్పుడే తేల్చండి. 20 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న పైపు 40 అడుగులు నడిస్తే అందులో నిలిచే నీళ్ళు సుమారు 3.8 లీటర్లు. వేడినీళ్ళు రావాలంటే ప్రతిసారీ అంత చల్లనీళ్ళు పారబోయాలి. తొమ్మిదిమంది ఇంట్లో అది రోజూ రెండు బకెట్ల దాకా పోతుంది. టాయిలెట్లు జంటలుగా వీపు వీపు ఆనించి పెడితే ఒక గీజరు రెండింటికి, పైపు పదడుగుల లోపు.

స్టోరు తీసేయమన్నానని భయపడకండి. 5×6 గదిలో తలుపూ నిలబడే చోటూ పోతే అరలు రెండు గోడలకే, కలిపి 10 అడుగుల బారు చిల్లర. వంటగదిలో తలుపు లేని 10 అడుగుల గోడకి అడుగుంపావు లోతు అల్మరా నేల నుంచి సీలింగ్ దాకా కట్టిస్తే అంతే సరుకు పడుతుంది. వెనక వరస డబ్బాలు కనిపించకపోవడం అనే బాధ ఉండదు. దానికి పట్టే నేల పన్నెండున్నర చదరపు అడుగులే, మిగిలింది యుటిలిటీకి. గట్టుకీ గట్టుకీ మధ్య ఇద్దరు పనిచేయాలంటే 4 అడుగులు. మీకు 6 వస్తోంది, ఒకవైపు గట్టు రెండున్నర అడుగుల లోతు చేసుకోండి.

---

కాలమ్_బీమ్

పైవాళ్ళు చెప్పినవి బాగున్నాయి, కానీ ప్రతి మార్పునీ కింది ప్లాన్ మీద పై ప్లాన్ ట్రేసింగ్ కాగితం వేసి చూశాకే ఒప్పుకోండి. పై గోడ కింద గోడగానీ బీమ్‌గానీ లేకపోతే ఎర్రసిరాతో గుర్తుపెట్టండి.

ముఖ్యంగా మీ హాలు. దాని మీద పై బెడ్రూము గోడ 18 అడుగుల బారున అడ్డంగా వస్తుంటే, నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ రెండువైపులా ప్లాస్టరింగ్‌తో 9 అడుగుల ఎత్తుకి సుమారు 4 టన్నులు. శ్లాబు మీద ఊరికే వదిలేసే బరువు కాదు, కింద బీమ్ కావాలి. మొదటి అంచనాకి బీమ్ లోతు పొడవులో పన్నెండో వంతు: 18 అడుగులకి 18 అంగుళాలు. 11 అడుగుల్లో అది పోతే బీమ్ కింద తొమ్మిదిన్నర అడుగులు, తలకి ఇబ్బంది లేదు. కంటికి ఇబ్బంది. ఆ బీమ్ హాలు సీలింగ్‌ని ఎక్కడ కోస్తుందో ఇప్పుడే చూసుకుని, పై గోడని సోఫాల చోటుకీ నడిచే చోటుకీ మధ్య గీత మీదికి జరపండి. అప్పుడు కావాలని పెట్టినట్టుంటుంది. లెక్క కట్టి కమ్మీ నిర్ణయించాల్సింది స్ట్రక్చరల్ ఇంజనీరే, ఇది ప్లాన్ దశలో చూసుకునే అంచనా మాత్రమే.

లాంజ్, బెడ్రూము మార్పిడిలో కొత్త టాయిలెట్ శ్లాబు దించాలి కాబట్టి దాని నాలుగువైపులా బీమ్‌లు వస్తున్నాయో లేదో అడగండి. పునాది తవ్వకముందు ఇది గీతల పని. కాలమ్‌లు లేచాక సుత్తి పని.

---

తొమ్మిదిమంది_ఇల్లు

అందరికీ థాంక్సండీ. డైనింగ్ తలుపులు జరిపి గీశాం. చిక్కేమిటంటే ముందు గోడ కుడి మూలలో కాలమ్ ఉంది, తలుపు పూర్తిగా చివరకి పోవట్లేదు. గోడ వెంట కాలమ్ 6 అంగుళాలు గదిలోకి పొడుచుకొస్తోంది. ఇంకోటి, పెద్దవాళ్ళ టాయిలెట్ 8×5 చాలా? ముందుముందు వీల్‌చైర్ అవసరం పడొచ్చు.

---

స్కేలు_పెన్సిలు

కాలమ్ ముఖం నుంచి దర్వాజాకి 4 అంగుళాలు వదలండి, లేకపోతే రెక్క 90 డిగ్రీలు తెరుచుకోదు, హ్యాండిల్ కాలమ్‌కి కొట్టుకుంటుంది. 6 అంగుళాలూ 4 అంగుళాలూ కలిపి 10. అంటే మీ దారి 3 అడుగుల బదులు 3 అడుగుల 10 అంగుళాలు తింటుంది. టేబులు చోటుకి మిగిలేది 10 అడుగుల 2 అంగుళాలు. కావాల్సింది 9.5. ఇంకా 8 అంగుళాలు మిగులే, బెంగ లేదు. కాలమ్ పొడవు వైపు పక్క గోడలోకి తిప్పడం వీలవుతుందేమో కాలమ్_బీమ్ గారు చెప్పినట్టు ఇంజనీర్ని అడిగి చూడండి, కుదిరితే ఆ 6 అంగుళాలూ తిరిగొస్తాయి.

---

మేడమెట్టు

పెద్దవాళ్ళ టాయిలెట్ 8×5 చాలదు. వీల్‌చైర్ ఒక చుట్టు తిరగడానికి 5 అడుగుల వ్యాసం ఖాళీ కావాలి. మీ వెడల్పే 5, వాష్‌బేసిన్ పెట్టగానే అది పోతుంది. గదిలోంచి ఒక అడుగు తీసుకుని 8×6 చేయండి, 14×12 గది వాళ్ళిద్దరికీ ఏమీ తక్కువ కాదు.

తలుపు 3 అడుగులది పెట్టండి. దర్వాజా చెక్క, రెక్క మందం పోను దాటడానికి కనీసం 32 అంగుళాలు మిగలాలి, రెండున్నర అడుగుల తలుపులో అది రాదు. రెక్క బయటికి తెరుచుకోవాలి, లేదా పక్కకి జరిగేది. లోపలికి తెరుచుకునే తలుపైతే లోపల పడిపోయిన మనిషే తలుపుకి అడ్డమవుతారు, బయటివాళ్ళు తోయలేరు. స్నానం చోటుకీ పొడి చోటుకీ మధ్య గట్టు వద్దు, వాలు చాలు. కమోడ్ మధ్యగీత పక్క గోడకి 18 అంగుళాలు. చేతిపట్టు కడ్డీ నేల నుంచి 33 నుంచి 36 అంగుళాల ఎత్తున వస్తుంది. అది ఇప్పుడు బిగించకపోయినా ఆ చోట గోడ బోలు ఇటుకతో కట్టించొద్దు, బోల్టు పట్టదు. మంచం నుంచి టాయిలెట్‌కి మూల తిరగకుండా నేరుగా దారి ఉండాలి. మంచం అట్టముక్కని ముందు ఆ దారికి సరిపడా పెట్టి, తర్వాతే వార్డ్‌రోబ్ చోటు చూడండి.

ఇంటి ముందు 2 అడుగుల ఎత్తుకి ర్యాంపు కూడా ప్లాన్‌లో గీయించండి. అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు లెక్కన 24 అడుగులు, పైనా కిందా 5 అడుగుల చదును విడిగా. ముందు ఖాళీలో నేరుగా పట్టకపోతే మధ్యలో 5 అడుగుల చదునుతో వెనక్కి తిప్పి రెండు 12 అడుగుల వరసలు చేయొచ్చు. కారు ఆపే చోటు నుంచి ర్యాంపు మొదలుకి మెట్టు అడ్డం రాకుండా మాత్రం చూసుకోండి.